అక్క బుక్కు మీద వచ్చిన చెల్లెలు

పిల్లలూ, మొన్న ఫోనులో మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నేను వింటూ కూర్చున్నాను. పెద్దది పుణె నుంచి నా పేరు మీద ఆరోగ్య బీమా తీసుకుంటానంటూ ఒక్కో ప్రశ్నా అడిగింది. షుగరుందా, బీపీ ఉందా, ఇంతకుముందు ఆపరేషనేమైనా అయిందా. అన్నింటికీ ఉన్నదున్నట్టు చెప్పాను. అది నవ్వి, "అమ్మమ్మా, ఇన్ని చెబితే ఎవరూ పాలసీ ఇవ్వరు. రెండు మూడు లేవని రాసేస్తాను" అంది. అంతలో చిన్నవాడు బెంగళూరు నుంచి అందుకున్నాడు. అందరికీ సర్కారే వైద్యం చెయ్యాలి, ఈ బీమాలన్నీ మోసం అన్నాడు. అది ఊరుకుంటుందా? ఊరికే ఇస్తే లైన్లో నిలబడి నిలబడే ప్రాణం పోతుందంది. "నువ్వు చెప్పమ్మమ్మా, కంపెనీ దవాఖానలో అన్నేళ్ళు సిస్టరుగా చేశావు కదా" అని నన్ను మధ్యకు లాగారు. కూర మాడిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాను.

పొయ్యి మీద కూరేమీ లేదు.

"లేవని రాసేస్తాను" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అందుకే పెట్టేశాను. ఎందుకో ఫోనులో చెప్పడం నా వల్ల కాదు. కాబట్టి రాస్తున్నాను. మీరు తెలుగు కూడబలుక్కుని చదువుతారని తెలుసు. నిదానంగానే చదవండి, తొందరేం లేదు.

అప్పుడు నేను గోదావరి ఒడ్డు బొగ్గు బావుల్లో ఒక బావి దగ్గర చిన్న డిస్పెన్సరీలో పనిచేసేదాన్ని. ఏ బావి అన్నది చెప్పను. ఎవరి పేరూ చెప్పను. డెబ్బైల మొదట్లో సంగతి. మిషన్ దవాఖానలో నర్సు చదువు పూర్తి చేసుకుని వచ్చి ఏడెనిమిదేళ్ళయింది. రేకుల కప్పు, రెండు గదులు, ఆరు మంచాలు. ఒక డాక్టరు గారు, కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఒక కాంపౌండరు, మా వైపాయనే, వయసులో పెద్ద. అందరికీ ఆయన కాంపౌండర్ కాక. నేను సిస్టరమ్మను.

మా డిస్పెన్సరీలో ఎవరూ డబ్బు మాటెత్తేవారు కాదు. బావిలో పర్మినెంటు పని ఉన్నవాడికి ఒక బుక్కు ఇచ్చేవారు. దవాఖాన బుక్కు అనేవాళ్ళం. అట్ట మీద అతని పేరు, నంబరు, లోపల భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు. ఫోటోలు ఉండేవి కావు. ఆ బుక్కు కిటికీలో పెడితే చాలు, దగ్గు మందు నుంచి కడుపు కోసే ఆపరేషన్ దాకా అన్నీ కంపెనీవే. లోపాలూ ఉండేవి. పొద్దున వస్తే మధ్యాహ్నానికి గాని వంతు రాదు. అన్ని రోగాలకూ అదే ఎర్రమందు అని జనం నవ్వేవారు. డ్యూటీ ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని వచ్చి మూలిగే వస్తాదుల్ని కూడా చూశాను. అయినా ఒక మాట చెబుతాను. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తమ పిల్లలు బతుకుతారని మొదటిసారి నమ్మింది ఆ బుక్కు చూసే.

కానీ బావి పైన పనిచేసే ఇంకొక జనం ఉండేవారు. కంట్రాక్టరు కింద తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని బొగ్గెత్తేవాళ్ళు, వ్యాగన్లు నింపేవాళ్ళు. ఆడవాళ్ళు కూడా. వాళ్ళకు బుక్కు లేదు. కంపెనీ లెక్కలో వాళ్ళు మనుషులు కారు, కంట్రాక్టరు లెక్కలో తట్టలు. రోగమొస్తే బజార్లో సూదులేసే డాక్టరున్నాడు. ఆయన నాడి పట్టుకునే ముందు చెవులకున్న కమ్మలు చూసేవాడు.

మరి వాళ్ళేం చేసేవారంటే, బుక్కు అడుక్కుని వచ్చేవారు. ఒకరి బుక్కు మీద ఇంకొకరు. గుడిసెల్లో అది తప్పు కాదు, చెంబు బదులు తెచ్చుకున్నట్టే. బుక్కు అడిగితే లేదన్నవాణ్ణి నాలుగు రోజులు ఎవరూ పలకరించేవారు కాదు. తెచ్చుకున్నవాళ్ళు దారి పొడుగునా జవాబులు వల్లె వేసుకుంటూ వచ్చేవారు. నీ మొగుని పేరేంది, నంబరెంత, నీ వయసెంత, ఎన్ని కాన్పులు. నేనడిగితే ఏకరువు పెట్టేవారు. అబద్ధమని నాకు తెలుసు. తెలుసని వాళ్ళకూ తెలుసు.

ఆ బుక్కులన్నింటిలో ఎక్కువ నలిగిన బుక్కు ఒక కోల్ ఫిల్లరుది, బావి లోపల టబ్బుల్లో బొగ్గు నింపేవాడిది. అతని భార్య చేతికి ఎముక లేదు. ఆ మనిషి పేరు మీద ఒక్క నెలలో మలేరియా, విరిగిన వేలు, చెవిపోటు, గజ్జి అన్నీ రాశాం. కాంపౌండర్ కాక కిటికీలోంచి తొంగి చూసేవాడు.

"ఏందే బిడ్డా, నిన్న వచ్చినప్పుడు బుడ్డగున్నవు, ఇయ్యాల గింత పొడుగు వెరిగినవ్?"

"కంపెనీ మందు మంచిగ పన్జేసింది కాకా" అనేది ఆ వచ్చినావిడ ఎవరో, ముసిముసిగా నవ్వుతూ.

డాక్టరు గారు ఆ బుక్కు తిరగేసి, "ఏమ్మా సిస్టరూ, మేం చదువుకునే రోజుల్లో ఈవిడొక్కత్తే దొరికుంటే మాకు వేరే పేషెంట్లక్కర్లేకపోను" అనేవారు. అని సంతకం పెట్టేవారు. మంచి మనిషి. మేమంతా మంచివాళ్ళమే అనుకునేవాళ్ళం.

ఒకసారి ఆ ఫిల్లరు భార్యను పక్కకు పిలిచి మెల్లగా మందలించాను. ఆమె నొచ్చుకోలేదు. "మావోడు బాయిల తీస్తె బొగ్గు, వాళ్ళు పైన మోస్తె మన్నా, సిస్టరమ్మా? బొగ్గొక్కటే ఉంటది గని బుక్కులు రెండు తీర్లెందుకుంటయి?" అంది. దానికి జవాబు మీ ఇద్దరి దగ్గరా ఉందని నేననుకోను.

ఆమెకు ఒక చెల్లెలుంది. ఒక్క తల్లి పిల్లలు, రెండేళ్ళ తేడా. ముక్కు, నుదురు, నడక అన్నీ ఒకటే. అదృష్టమే వేరు. అక్క మొగుడికి పర్మినెంటు దొరికింది. చెల్లెలి మొగుడికి దొరకలేదు. ఆలుమగలిద్దరూ కంట్రాక్టరు దగ్గర వ్యాగన్లు నింపేవారు. వాళ్ళకు నాలుగేళ్ళ ఆడపిల్ల. అక్కకు మాత్రం పిల్లలు నిలవలేదు. రెండు కాన్పులూ పురిట్లోనే పోయాయి. మూడోసారి కడుపొస్తే ఇంట్లో కనొద్దు, పెద్ద దవాఖానకు రావాల్సిందేనని డాక్టరు గారు గట్టిగా చెప్పి ఉన్నారు.

ఇక ఆ రోజు. ముసురు పట్టి రేకుల మీద వాన దడదడ కొడుతోంది. మొదటి షిఫ్టు దిగే వేళ. చెల్లెలు వచ్చింది, అక్క బుక్కుతో. వెంట మొగుడు, అతని చంకలో పిల్ల. వారం కింద వ్యాగన్ తలుపు పడి చెయ్యి నలిగిందట. పసుపు పెట్టారు, దీపం నూనె పెట్టారు. ఇప్పుడు మోచేతి దాకా వాచి ఎర్రగా కాలుతోంది, ఒళ్ళంతా జ్వరం. డాక్టరు గారు చూసి గాయం కడిగించారు, పెన్సిలిన్ సూది రాశారు. రాస్తుండగానే బావిలో పైకప్పు కూలి ఎవరికో దెబ్బ తగిలిందని కబురొచ్చింది. ఆయన సంచి పట్టుకుని జీపెక్కారు. లైన్లో ఇంకా ముప్పై మంది.

పెన్సిలిన్ ఇచ్చే పద్ధతి మీకు కొంచెం చెప్పాలి. అది కొందరి ఒంటికి పడదు. పడనివాళ్ళకిస్తే ప్రాణం మీదికే వస్తుంది. అందుకని మొదటిసారి ఇచ్చేటప్పుడు ముంజేతి చర్మం కింద ఒక్క చుక్క ఎక్కించి అరగంట కూర్చోబెట్టాలి. ఎర్రగా దద్దురు లేవకపోతే అప్పుడు పూర్తి సూది. ఒకసారి పడితే బుక్కులో ఎర్ర సిరాతో రాసేవాళ్ళం. ఆ ఎర్ర సిరా రాత ఉంటే ఆ తర్వాత ప్రతిసారీ అరగంట ఆగకుండా సూది ఇచ్చేసేవాళ్ళం.

బుక్కు తెరిచాను. నా చేతిరాతే, ఎర్ర సిరా. నెల కింద అక్కకు గొంతు వాచినప్పుడు నేనే టెస్టు చేసి, నేనే రాశాను.

"ఇదివర్ల ఈ సూది వడ్డదా?" అని అడిగాను. అలవాటుగా.

"వడ్డది సిస్టరమ్మా. పోయిన నెల గొంతు వాస్తె ఇస్తిరి గద" అంది. అక్క నేర్పి పంపిన జవాబు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

పిల్లలూ, ఇక్కడ నేను దాచుకోవడానికి ఏమీ లేదు. ఆమె అక్క కాదని నాకు తెలుసు. కళ్ళెదుట కూర్చున్నది చెల్లెలని తెలుసు. ఆమె చెప్పింది వేరొకరి గొంతు సంగతని తెలుసు. అన్నీ తెలిసి కూడా నా చెయ్యి బుక్కును నమ్మింది. ఏళ్ళ తరబడి మనిషిని చూడకుండా బుక్కు చూడటం నేర్చుకున్న చెయ్యి అది.

సూది ఇచ్చాను. ఆమె చీర సర్దుకుని లేచి రెండడుగులు వేసింది. "సిస్టరమ్మా, నోరంత గిట్ల దురదవెడ్తందేంది?" అంది. నేను తల తిప్పి చూసేసరికి పెదవులు ఉబ్బాయి. నాకు అర్థమైపోయింది. కాకను కేకేశాను. ఆమెను పడుకోబెట్టి, దీనికి ఇవ్వాల్సిన విరుగుడు సూది ఇచ్చాను. ఆలస్యం చెయ్యలేదు. మళ్ళీ ఇచ్చాను. ఊపిరి అందక ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు మెల్లగా వదులైంది. అంతే. బయట లైన్లో వాళ్ళు ఇంకా తమ వంతెప్పుడని అడుగుతూనే ఉన్నారు.

డాక్టరు గారు బొగ్గు మసితో తిరిగొచ్చారు. బుక్కు చూశారు, ఆమెను చూశారు, నన్ను చూశారు. తలుపు మూసి రిజిస్టరు ముందు వేసుకున్నారు.

"ఏ పేరు రాయమంటావమ్మా?"

అసలు పేరు రాస్తే బుక్కు ఇచ్చిన ఫిల్లరు నౌకరి పోతుంది. నాదీ పోతుంది, డాక్టరు గారిదీ పోవచ్చు. గుడిసెల వాళ్ళెవరూ ఇక మా గుమ్మం తొక్కలేరు. బుక్కులో ఉన్న పేరు రాస్తే ఇంట్లో బతికున్న మనిషి చచ్చిపోతుంది.

చెల్లెలి మొగుడు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల అతని భుజం మీద నిద్రపోయింది.

"పేరేదైతేంది సారూ" అన్నాడు. "పీనుగ నాది. మా షడ్డకుని నౌకరి వోకుంట సూడుండ్రి. ఆల్లన్న బతకాలె."

అప్పుడే షిఫ్టు దిగి ఫిల్లరు పరుగున వచ్చాడు, నెత్తి మీద టోపీ అలాగే ఉంది. నీ పెండ్లానికి సీరియస్ అని దారిలో ఎవరో చెప్పారట. "నా పెండ్లాం ఇంట్లనే ఉన్నది సారూ, పొద్దటిసంది కక్కుకుంట పండుకున్నది, నెల తప్పినట్టున్నది, మల్ల ఇదేంది..." అంటూ మంచం వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాయుండ్రి" అన్నాడు.

డాక్టరు గారు అక్క పేరు రాశారు. తర్వాత బుక్కులో ఆ పేరు మీద గీత కొట్టాల్సింది నేను. కొట్టాను, అదే ఎర్ర సిరాతో.

మేమనుకున్నాం, పేరే కదా అని.

మర్నాడే మొదలైంది. బావిలో పనివాడి భార్య పోయిందంటే ఊరుకుంటారా? టైం ఆఫీసు గుమాస్తా వచ్చాడు, పై అధికారులు ఇద్దరు వచ్చారు, యూనియన్ వాళ్ళు పూలదండ తెచ్చారు. గుడిసెల వాళ్ళకందరికీ నిజం తెలుసు, వచ్చిన పెద్దలకు తెలియదు. అందుకని శవాన్ని ఫిల్లరు ఇంటి ముందే పడుకోబెట్టారు. ఫిల్లరు మొగుడిగా ముందు నడిచాడు. కట్టుకున్నవాడు పదిమందిలో ఒకడై వెనక నడిచాడు. ఆడవాళ్ళు శోకం తీసి ఏడుస్తూ పేరు దగ్గరికి వచ్చేసరికి తడబడి, "ఓ నా తల్లీ" అని మింగేశారు. మీరెప్పుడైనా విన్నారా, పేరు పెట్టి ఏడవడానికి కూడా వీల్లేని చావు?

అక్క ఆ సాగనంపుడుకు రాలేదు. ఎట్లా వస్తుంది? చచ్చిపోయింది తనే కదా. రెండు వాడల అవతల ఒక గుడిసెలో దాచారు. నేను ఆమె దగ్గర కూర్చున్నాను. డప్పు చప్పుడు దగ్గరికొచ్చి దూరమవుతుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడు ఆగిపోయాక కొంగు తీసి, "నా పేరే రాసిండ్రా?" అని అడిగింది.

అవునన్నాను.

"అయితె కాయితంల అది సావలేదన్నట్టే" అంది.

నన్ను తిట్టలేదు. తిడుతుందని వెళ్ళాను. చెయ్యి చాపి నా చేతి మీద వేసింది. అది నేను ఇప్పటికీ మోయలేని బరువు.

చెల్లెలి మొగుడు పదకొండో రోజు దాటగానే వెళ్ళిపోయాడు. "ఈ బొగ్గు మొఖం మల్ల సూడ" అన్నాడట. పిల్లను పెద్దమ్మ ఒళ్ళో పెట్టి పోయాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

అక్కకు కడుపు పెరుగుతోంది. బుక్కులో ఆమె లేదు. ఒకప్పుడు వాడకట్టంతా ఆమె పేరు మీద మందు తాగింది, ఇప్పుడు ఆమెకు ఒక గోళీ ఇవ్వడానికి పేరు లేదు. నేను డ్యూటీ అయ్యాక బీపీ చూసే డబ్బా సంచిలో దాచి వాళ్ళింటికి పోయేదాన్ని. నాలుగో నెల నుంచే పాదాలు వాచాయి. రక్తపోటు ఎక్కువగా ఉంది. ఇంట్లో కాన్పయితే మూడోది కూడా దక్కదు, ఈసారి తల్లీ దక్కకపోవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"కొట్టేసింది నువ్వే గద సిస్టరమ్మా. మల్ల రాయరాదు?" అంది ఒకరోజు, సొరకాయ తరుగుతూ. నిష్ఠూరంగా కాదు. నిజంగానే అడిగింది.

ఆ మాట పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పోయాను. తప్పంతా నాదేనని పైవాళ్ళకు రాసిస్తానని చెప్పాను. ఆయన కలం నా వైపు జరిపారు. "రాయి తల్లీ, నేనూ సంతకం పెడతాను. కానీ ఆ ఫిల్లరు ఉద్యోగం పోతే ఆమెకు బుక్కే ఉండదు. అప్పుడెవరి కోసం రాసినట్టు?" అన్నారు.

ఆయన చెప్పింది సబబే. కానీ నేను ఆ మాట వినగానే ఊపిరి పీల్చుకున్నాను. ఆమె కోసం కాదు, నా కోసం. మీ అమ్మ అప్పటికి ఏడాది పిల్ల. నాకూ ఆ నౌకరి కావాలి. ఆ కాయితం రాయలేదు.

దారి చూపింది కాంపౌండర్ కాక. సాయంత్రం ఫిల్లరు ఇంటి గడపలో బీడీ ముట్టించి, "భార్య సచ్చినోడు మరదలిని జేస్కుంటడు. మన దిక్కున లేని తరీకనా? ఆ మరదలును మొగడు ఇడిసిపెట్టి పోయిండని ఊరందరికి ఎర్క. మారుమనువు జేస్కున్ననని పెద్దమనుషుల తోని కాయితం తెచ్చి ఆఫీసుల ఇయ్యి. బుక్కుల కొత్త పెండ్లాం ఎక్కుతది" అన్నాడు.

ఫిల్లరుకు కాసేపు అర్థం కాలేదు. "నా పెండ్లాన్ని నేనే రెండోపారి జేస్కునుడేందే కాకా!"

"సంబురపడు. అత్తమామలు పాతోళ్ళే, కొత్తగ అలుగుతరని ఫికర్ లేదు."

అక్క నవ్వింది. చెల్లెలు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. తర్వాత వెంటనే ఏడ్చింది.

ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. నిజం చెప్పే కాయితం ఒక్కటీ ఎవరూ రాయలేకపోయాం గానీ, ఈ అబద్ధానికి సాక్షులు ఎగబడి వచ్చారు.

ఆఫీసుకు వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. గుమాస్తా కొత్తవాడు. కాయితం చదివాడు, అక్క కడుపు వైపు చూశాడు, ఫిల్లరు వైపు చూసి మూతి తిప్పాడు.

"అక్క పొయ్యి నాలుగు నెల్లు గాలె. మరదలికి అప్పుడే ఐదో నెలనా? మస్తు హుషారున్నవే!"

పక్క బల్లల వాళ్ళు కిసుక్కున నవ్వారు. ఫిల్లరు తల దించుకున్నాడు. ఆయన ఒక్క భార్య తప్ప ఇంకో ఆడదాని ముఖం ఎరుగని మనిషి. ఆ తర్వాత బావిలో, కల్లు దుకాణంలో ఎక్కడికి పోయినా, పెళ్ళాం బతికుండగానే మరదలితో ఉన్నవాడన్న పేరు ఆయన వెంట తిరిగింది. నౌకరి దిగేదాకా తిరిగింది. ఒక్కనాడూ కాదనలేదు. ఎట్లా అంటాడు?

"కొత్త పెండ్లాం పేరు?" అన్నాడు గుమాస్తా.

ఏదో ఒక కొత్త పేరు చెబుతుందని అనుకున్నాను. దారిలో కాక రెండు మూడు పేర్లు కూడా చెప్పి పెట్టాడు. మరదలి పేరేమిటని ఆ ఆఫీసులో ఎవరికి తెలుసు? కానీ ఆమె ముందుకు వచ్చి గట్టిగా చెల్లెలి పేరు చెప్పింది.

"వయసు?"

చెల్లెలి వయసు చెప్పింది.

"పిల్లలు?"

"ఒక్క బిడ్డ. నాలుగేండ్లు." కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లను ముందుకు నెట్టింది. "ఇది నా కన్నబిడ్డే సారూ. నా తోని వచ్చింది. దీని పేరు గుడ రాయుండ్రి."

అప్పుడు తెలిసింది నాకు. చెల్లెలి పేరు తనదైతేనే ఆ పిల్ల బుక్కులోకి వస్తుంది. ఒకనాడు ఆ చెల్లెలు వల్లె వేసుకుని వచ్చినట్టే, ఈ అక్క రాత్రంతా వల్లె వేసుకుని వచ్చింది. గుమాస్తా తల గోక్కుని, కొత్త బుక్కు తీసి రాశాడు.

కాన్పు పెద్ద దవాఖానలో అయింది. కడుపు కోసి తీశారు. పద్దెనిమిది రోజులు మంచం, రక్తం, మందులు, వచ్చే వెళ్ళే అంబులెన్సు. నీ దగ్గరేముందని ఒక్కరూ అడగలేదు. తల్లీ బిడ్డా నిలిచారు. బుక్కు లేకపోతే ఇద్దరూ లేరు, అది ఖాయం. చిన్నవాడా, నీ మాట నిజమని ఒప్పుకుంటాను. కానీ గీత ఎక్కడ గీస్తారన్నది కూడా చూడు. మా దగ్గర గోడ లోపల అందరికీ అన్నీ ఉండేవి. గోడ ఎక్కడుందో, అక్కడే ఆ చెల్లెలు పోయింది. పెద్దదానా, నీ బీమా వాళ్ళదీ గోడే. కాకపోతే కాయితాల్లో కట్టారు. మనిషి లోపలికి రావాలంటే తనను తాను కాదని చెప్పుకోవాలి. షుగరు లేదని రాస్తే రేపు నన్ను మంచం మీద పడుకోబెట్టినప్పుడు ఏ నర్సు పిల్లో నా కాయితం చూసి సూది తీస్తుంది. ఆ పిల్ల నాలాగే మంచిదై ఉంటుంది. నాలాగే తొందరలో ఉంటుంది. నాకున్నవన్నీ ఉన్నట్టే రాయి తల్లీ. పాలసీ ఇవ్వకపోతే మానె.

ఇంకొకటి మిగిలింది. కాన్పు కంటే ముందుది.

కొత్త బుక్కు వచ్చిన వారానికి అక్క మా డిస్పెన్సరీకి వచ్చింది. కాలి మీద సెగగడ్డ. డాక్టరు గారు పెన్సిలిన్ రాశారు. బుక్కు తెరిస్తే తెల్ల కాయితం, ఎర్ర సిరా మచ్చ కూడా లేదు. నేను సన్న సూది తీసి ఆమె ముంజేతి చర్మం కింద ఒక్క చుక్క ఎక్కించాను.

"నాకు వడ్తదని నీకు ఎర్కనే గద సిస్టరమ్మా?"

"ఎర్కనే."

"మల్లెందుకు?"

"కూసో" అన్నాను.

లైన్లో వాళ్ళు గొణుగుతున్నారు. కాక ఎవర్నో కసురుకున్నాడు. నేను చేతిలోది పక్కన పెట్టి బల్ల మీద ఆమె పక్కనే కూర్చున్నాను. ఇద్దరం ఆమె చేతి మీది చిన్న పొంగునే చూస్తూ కూర్చున్నాం. గోడ గడియారంలో అరగంట ఎంత పొడుగుంటుందో ఆ రోజు తెలిసింది. దద్దురు లేవలేదు. ఎర్రబడలేదు.

లేచి సూది నింపుకుని, బుక్కు చూసి పేరు పిలిచాను. చెల్లెలి పేరు.

ఆమె వెంటనే లేవలేదు. తలుపు వైపు చూసింది, ఎవరైనా వస్తారేమోనన్నట్టు. నేనూ చూశాను.

తర్వాత తనే లేచి వచ్చింది.